వాడు పోయిన ఏటి నుంచి లెక్క

జూన్ 3, 2019

అక్కకి,

కుశల ప్రశ్నలు ఈసారికి వద్దు. నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "హలో" అన్నావు, నా గొంతు వినగానే పెట్టేశావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని చించాలన్నా ముందు విప్పాలి కదా.

రాతి పలకలు వచ్చాయి. ముప్పై నాలుగూ పగలకుండా వచ్చాయి. మ్యూజియం వెనక గదిలో మొదటి పెట్టె తెరిపించాను. మా డైరెక్టర్ గారు పలక మీద అక్షరాలను వేలితో తడిమి, "అబ్బ! ఎవరయ్యా చెక్కింది?" అన్నారు. "మా అక్కండీ" అన్నాను. ఛాతీ పొంగిపోయింది. అర నిమిషం పొంగింది. తర్వాత ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇదేమిటి, క్రీ.శ. అని ఉంది?" అన్నారు.

నేను పంపిన జాబితాలో ఏముంది అక్కా? ప్రతి ఏడు ముందూ సా.శ. అని ఉంది, పాతవాటికి సా.శ.పూ. అని ఉంది. సామాన్య శకం, సామాన్య శక పూర్వం. టైపు చేసి, రెండుసార్లు సరిచూసి, నా సంతకం పెట్టి పంపాను. మట్టికుండలకి క్రీ.పూ., నాణేలకి క్రీ.శ. అని మార్చి చెక్కమని ఎవరు చెప్పారు నీకు? ఒకటీ రెండూ అయితే పొరపాటు అనుకుందును. ముప్పై నాలుగుకి ముప్పై నాలుగూనా!

సొంత అక్కకి పని ఇప్పించుకున్నాడని ఇక్కడ నలుగురూ గుసగుసలాడుతుంటే, "పని చూసి మాట్లాడండి" అన్నవాణ్ణి నేను. ఇప్పుడు చూసి మాట్లాడుతున్నారు. జూలై ఇరవైన కొత్త గ్యాలరీ తెరుస్తారు. ఆలోగా పలకలు సరిగ్గా తయారై గోడకి ఎక్కకపోతే నా ఉద్యోగం ఉండదని డైరెక్టర్ గారు మొహం మీదే చెప్పారు.

పెట్టెలు తిప్పి పంపుతున్నాను. ముఖాలు అరగదీసి, జాబితాలో ఉన్నది ఉన్నట్టు మళ్ళీ చెక్కు. ఎందుకిలా చేశావో కూడా రాయి.

తమ్ముడు


క్రీ.శ. 2019, జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

పైన తేదీ చూశావుగా? నీ కళ్ళు చల్లబడాలనే అలా రాశాను.

పెట్టెలు దిగాయి. వాటిని చూస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు నెలలు పొద్దున్న ఆరింటికి షెడ్డు తలుపు తీశాను. రాతిదుమ్ము తిన్నాను. మీ ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చున్న పెద్దమనిషి వేలితో తడిమి తిప్పికొట్టాడు. ముఖాలు అరగదీయమంటావా? రాయంటే పలకా బలపమా, ఉమ్మేసి తుడవడానికి?

ఎందుకు మార్చానో అడిగావు, చెప్తాను విను. నీ జాబితాలో సా.శ. చూసి ఇదేమిటో నాకు అర్థం కాలేదు. మా ఆయనకీ అర్థం కాలేదు. పాలిష్ పని ఆపేసి కాసేపు బుర్ర గోక్కున్నాడు. చివరికి అత్తకి చూపించాను. అమ్మా నాన్నా పోయాక మనిద్దరినీ పెంచి, చేతికి ఉలి ఇచ్చిన మనిషి. యాభై ఏళ్ళు సమాధిరాళ్ళు చెక్కిన మనిషి. ఆవిడకే తెలియని అక్షరాలు లోకంలో ఎవరికి తెలుస్తాయి? మన షెడ్డు కట్టుబాటు మర్చిపోయావా? చదివినవాడు "ఇదేమిటి?" అని అడిగే అక్షరం రాతి మీద వేయకూడదు. రాతి పక్కన నిలబడి జవాబు చెప్పడానికి చెక్కినవాళ్ళు ఉండరు కదా. అందుకే అందరికీ తెలిసినది చెక్కాను. నీ తప్పు దిద్ది నీ పరువు కాపాడాననుకున్నాను. తీరా చూస్తే తప్పు కాదట, కావాలనే రాశావట!

క్రీస్తు శకం అంటే ఏమిటో అత్త మనకి మోకాలెత్తు వయసులో చెప్పింది. ఆ ప్రభువు ఏలుబడిలో ఇన్నో ఏట ఈ మనిషి పుట్టాడు, ఇన్నో ఏట కన్నుమూశాడు అని. పొద్దున్నే ప్రార్థన చేసుకుని ఆ రెండక్షరాలూ చెక్కడంతో పని మొదలుపెట్టేది. ఆ చెయ్యి పెట్టిన తిండి తిని పెరిగి, ఇవాళ నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవడానికి ఆ పేరు చెరిపేస్తావా? నేరుగా చెప్పు. మా ఇల్లన్నా మా నమ్మకమన్నా సిగ్గుగా ఉందని చెప్పు. సామాన్యం గీమాన్యం అంటూ డొంకతిరుగుడు ఎందుకు?

అక్క


జూన్ 15, 2019

అక్కకి,

సిగ్గా? నాకా? నువ్వు అడిగావు కాబట్టి పాఠం చెప్తాను. నిద్రొస్తే మొహం కడుక్కుని వచ్చి చదువు.

క్రీస్తు శకం క్రీస్తు పెట్టింది కాదు, ఆయన శిష్యులు పెట్టిందీ కాదు. ఆయన పోయిన ఐదు వందల ఏళ్ళ దాకా ఆ లెక్కే లేదు. అప్పుడొక సన్యాసి, ఈస్టర్ పండగ ఏ ఏడు ఏ రోజున వస్తుందో పట్టిక వేస్తూ కూర్చున్నాడు. అంతకుముందు పట్టికలో ఏళ్ళన్నీ ఒక చక్రవర్తి గద్దెనెక్కిన నాటి నుంచి లెక్క. ఆ చక్రవర్తి ఎవరు? క్రైస్తవులను పట్టి చంపించినవాడు. సన్యాసికి ఒళ్ళు మండింది. మమ్మల్ని చంపినవాడి పేరుతో మా పండగ లెక్కపెట్టడమేమిటని, ప్రభువు పుట్టుక నుంచి మొదలుపెట్టాడు. అంటే ఈ శకం పుట్టిందే ఒక పేరు చెరిపేయడం కోసం! పేరు మార్చడం పాపమైతే మొదటి పాపి ఆ సన్యాసే.

ఇంకా విను. ఆయన లెక్క తప్పింది. క్రీస్తు పసిబిడ్డగా ఉన్నప్పుడు చంపించాలని చూశాడంటారే, ఆ రాజు ఈ లెక్క ప్రకారం క్రీస్తు పూర్వం నాలుగులోనే చచ్చిపోయాడని ఎక్కువమంది పండితుల మాట. అంటే క్రీస్తు పుట్టింది క్రీస్తు పూర్వం! మొదటి ఏటికి ముందు సున్నా ఏడు కూడా లేదు, ఒకటి పక్కన ఒకటే. పునాదిలో తప్పుందని చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. అయినా ఎవరూ కదపలేరు, మీద అంత ఇల్లు కట్టేశారు. ఇక సామాన్య శకం అన్నది నేను నిన్న కనిపెట్టిన మాట కాదు. నాలుగు వందల ఏళ్ళ కిందట క్రైస్తవ పండితులే ఆ మాట వాడారు, అందరూ వాడే లెక్క అనే అర్థంలో. దేవుడి మీద కోపంతో కాదు.

మా గ్యాలరీకి అన్ని నమ్మకాలవాళ్ళూ వస్తారు. కుండ వయసు తెలుసుకోవాలంటే ముందు మా ప్రభువుకి దండం పెట్టు అని గోడ మీద రాయడం మర్యాదేనా? లోకంలో అందరి ఏళ్ళనీ ఒక్కడి పుట్టుకకి కట్టేసి, మిగతావాళ్ళంతా వాడికి ముందో వెనకో బతికారనడం అన్యాయం కాదా?

ఇదంతా అత్త చేయించిందని నాకు తెలుసులే. జాబితా కింద నా సంతకం చూసే ఉంటుంది. "ఈ గడప తొక్కకు" అన్న మనిషి, నా అక్షరాన్ని మాత్రం గడప తొక్కనిస్తుందా? ఆవిడ కసి ఆవిడ ఇష్టం. నువ్వెందుకు దానికి సుత్తి అందిస్తావు?

ముప్పై అయిదు రోజులున్నాయి. మొదలుపెట్టావా లేదా?

తమ్ముడు


జూన్ 20

ఓయబ్బో, పండితుడా!

చెప్పేవాడికి వినేవాడు లోకువట. నీ పాఠం మొత్తం చదివాను, రెండుసార్లు. నిద్ర రాలేదు. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "అందరి ఏళ్ళనీ ఒక్కడికి కట్టేసి, మిగతావాళ్ళంతా వాడికి ముందో వెనకో బతికారనడం అన్యాయం కాదా?" అన్నావు చూడు, అక్కడ. నవ్వాలో నీ జుట్టు పట్టుకోవాలో తెలియలేదు.

అన్యాయమేరా. ఎంత అన్యాయమో నన్నడుగు. నువ్వు వెళ్ళిపోయి ఇరవై రెండేళ్ళు. ఈ ఇంట్లో క్యాలెండరు గోడకి వేలాడుతుంది గానీ, లెక్క మాత్రం నీదే. నా పెళ్ళెప్పుడయిందని ఎవరైనా అడిగితే అత్త ఏమంటుందో తెలుసా? "వాడు పోయిన మూడో ఏడు." నా కూతురు పుట్టింది "వాడు పోయిన ఆరో ఏడు." షెడ్డుకి కొత్త రేకులు వేయించింది "వాడు పోయిన తొమ్మిదో ఏడు." నా కడుపున పడ్డ రెండో బిడ్డ నిలవకుండా పోయింది చూడు, అదీ "వాడు పోయిన పదో ఏడే." నా బిడ్డ పోయిన రోజుక్కూడా నీ పేరే! ఉన్నదాన్ని నేను. వంట చేసిందీ, పొద్దున్నే అత్త వేళ్ళకి నూనె రాసిందీ, ఉలి పట్టిందీ నేను. శకం మాత్రం పారిపోయినవాడిది. నేను బతికిందంతా నీకు వెనక ఎన్నో ఏడో, అంతే.

అలాంటి ఇంటి నుంచి వెళ్ళినవాడివి, ఊళ్ళోవాళ్ళకి న్యాయం బోధిస్తున్నావు. సామాన్య శకమట! పేరు మార్చావు, లెక్క అదే ఉంచావు. పాత గుర్రానికి కొత్త జీను వేసినట్టుంది. ఆ సన్యాసికి కోపం వస్తే లెక్కే మార్చాడు. నీకు అంత ధైర్యం లేదు.

ఇక అత్త సంగతి. కసి అన్నావు. అత్త నీ జాబితాని చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చుంది. తర్వాత నా మొహం వంక చూసి, "ఏళ్ళ విషయంలో వాడు తప్పు చేస్తాడని నీకు తెలుసు కదే. నీకు తెలిసినట్టు చెయ్యి" అంది. అంతే అంది. అందులో ఏం తప్పుంది? మన ఊరి టీచరుగారి సమాధిరాయి మీద ఏడు తప్పు చెక్కి, ఊరందరి ముందూ మన షెడ్డు పరువు తీసి, బస్సెక్కి పారిపోయినవాడి జాబితాని నేనెలా నమ్మాలి?

ఒక్క పలక కూడా ముట్టుకోలేదు. ముట్టుకోను.

అక్క


జూన్ 24, 2019

అక్కకి,

అత్త ఆ మాట అంటే నాకు నొప్పి లేదు. ఆవిడకి తెలియదు. కానీ నువ్వు రాశావు. నీ చేత్తో రాశావు. నీ చేత్తో!

టీచరుగారు పోయింది తొంభై ఏడులో. రాతి మీద పడింది డెబ్భై తొమ్మిది. అంకెలు తారుమారయ్యాయి. ఆయన చిన్న కూతురికి అప్పటికి పదిహేనేళ్ళు. తండ్రి పోయిన మూడేళ్ళకి బిడ్డ పుట్టినట్టు రాయి చెప్పింది. ఆ పిల్ల తల్లి పదిమందిలో ఆ రాయి చదివి, కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. నువ్వు నా పక్కనే ఉన్నావు. పేరు నేను చెక్కాను. ఏళ్ళు నువ్వు చెక్కావు. ఆ ముందు రోజు సాయంత్రం నీ పెళ్ళిచూపులవాళ్ళు కబురు పెడితే, ఆ తొందరలో చెక్కావు.

"ఎవరు చెక్కారు?" అని అత్త అరిచింది. నువ్వు నోరు తెరిచేలోపు నేనే అన్నాను. నాకు పందొమ్మిదేళ్ళు. ఒక చెంపదెబ్బతో పోతుందనుకున్నాను. "ఈ గడప తొక్కకు" అంటుందని నాకేం తెలుసు? సంచీ సర్దుకుంటుంటే నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. బస్సు కదిలేదాకా నువ్వు వస్తావని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

దాని గురించి ఇన్నేళ్ళూ ఒక్క మాట అన్నానా? ఐదేళ్ళ కిందట నువ్వు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు కూడా అనలేదు. నీకు తెలుసు, నాకు తెలుసు, చాలనుకున్నాను. నీకు తెలియదట! నువ్వు మర్చిపోయావట! నీ తప్పుని నా పేరు మీద చెక్కుకుని, ఇరవై రెండేళ్ళు చదువుకుంటూ కూర్చున్నావట. పైగా శకం నాదని ఏడుపు. తీసుకో నీ శకం. నేను అడగలేదు.

ఇంకో సంగతి. నిన్న డైరెక్టర్ గారి గదికి వెళ్ళి, జాబితాలోనే తప్పుందని, చెక్కినవాళ్ళ తప్పు లేదని చెప్పాను. సంజాయిషీ రాసిమ్మన్నారు. రాసిచ్చాను. నెలాఖరుకి తేల్చేస్తామన్నారు. కాబట్టి పలకలు ముట్టుకోకు. ఆ రాళ్ళతో మెట్లు కట్టుకో.

నీ కోసం "నేనే" అనడం ఇది రెండోసారి. మూడోసారి ఉండదు. ఇక నాకు రాయకు.


జూన్ 29, 2019

తమ్ముడూ,

రాయకు అన్నావు. నోరు విప్పాల్సినప్పుడు విప్పనిదాన్ని, ఇప్పుడు మూసుకోమంటే మూసుకుంటానా?

అవును. ఆ రాయి మీద ఏళ్ళు చెక్కింది నేనే. మర్చిపోలేదు. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. నువ్వు "నేనే" అన్నప్పుడు నోరు తెరిచాను, ఈలోగా చెంపదెబ్బ పడింది. ఆ చప్పుడికి నోరు మూసుకుపోయింది. రేపు చెప్దామనుకున్నాను. రేపటికి పెళ్ళిచూపులవాళ్ళు వచ్చారు. తర్వాత ఎవరడిగినా "మా తమ్ముడు తప్పు చెక్కి పారిపోయాడు" అని చెప్తూ పోయాను. చెప్పగా చెప్పగా అది నోటికి అలవాటైపోయింది. పోయిన ఉత్తరంలో ఆ వాక్యం రాస్తుంటే నా చెయ్యి ఆగలేదు. ఆగనందుకు ఆ చెయ్యి విరగ్గొట్టుకోవాలని ఉంది. నీ మీద నాకున్న కోపమంతా ఏమిటో నీ ఉత్తరం చదివాక తెలిసింది. నువ్వు తిరిగొచ్చి నిజం చెప్తే నా గతేమిటన్న భయం అది.

నువ్వు మూడోసారి "నేనే" అనక్కర్లేదు. మీ డైరెక్టర్ గారికి నిన్ననే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. జాబితా సరిగ్గానే ఉందనీ, మార్చింది నేననీ, నీ సంజాయిషీ అబద్ధమనీ రాశాను. నువ్వు పంపిన జాబితా కూడా జతచేశాను, నీ సంతకంతో సహా. నన్ను కాపాడబోయి మళ్ళీ అబద్ధమాడావని తెలిసి ఆయన నిన్ను తిడితే తిట్టించుకో. నీకు ఆ రోగం ఉంది, కుదరాలి.

పలకలు అరగదీస్తున్నాం. మా ఆయన గ్రైండరు పట్టాడు. రెండు పలకలు చెక్కేశాను. సా.శ. అనే చెక్కాను. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చలేదు, ఎప్పటికీ నచ్చదు. అయినా ఒకరిచ్చిన ఏళ్ళని నా ఇష్టానికి మార్చే హక్కు నాకు లేదు. ఇరవయ్యో తారీకుకి ముప్పై నాలుగూ కావాలంటే నా ఒక్కదాని చెయ్యి చాలదు. అత్త వేళ్ళు బిగుసుకుపోయాయి, సుద్దముక్కతో గీతలు గీయగలదు, అంతే.

అత్త దగ్గరికి వెళ్ళిన సంగతి చివరికి మిగిల్చాను. రాయాలంటే ఒళ్ళు మండుతోంది.

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే గదిలోకి వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "అత్తా, టీచరుగారి రాయి మీద ఏడు తప్పు చెక్కింది వాడు కాదు. నేను" అన్నాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"వాడిది ఎడమచేతి వాటం. వాడి ఉలి దెబ్బ అటు నుంచి పడుతుంది. ఆ తొమ్మిది మీద గాట్లు ఇటు నుంచి ఉన్నాయి. ఆ సాయంత్రం రాయి కడిగి చూశాను. చెక్కుడు చూసి చెయ్యి పోల్చుకోలేనిదాన్నా? అప్పటికి వాడు బస్సెక్కేశాడు."

"మరి వెనక్కి పిలవలేదేం?"

"నువ్వు చెప్తావనుకున్నా. నువ్వు చెప్పిన రోజున ఇద్దరం కలిసి వెళ్ళి తీసుకొద్దామనుకున్నా. రేపు చెప్తుంది, ఎల్లుండి చెప్తుంది అని చూశా."

నాకు పిచ్చెత్తినట్టయింది. "ఇన్నేళ్ళూ తెలిసే ఊరుకున్నావా? తెలిసి కూడా నా పెళ్ళికీ, నా పిల్లకీ, నా పోయిన బిడ్డకీ వాడు పోయిన ఏటి నుంచే లెక్క కట్టావా?" అని అరిచాను. గ్రైండరు ఆపేసి మా ఆయన పరిగెత్తుకొచ్చాడు.

అప్పుడు తలెత్తింది. "నేను లెక్కపెట్టింది వాడు పోయిన ఏళ్ళు కాదే. నువ్వు చెప్పని ఏళ్ళు" అంది.

తమ్ముడూ, ఆ మాట నిజమే. కానీ కోపం ఉంది, కావలసినంత ఉంది. "నేను పిరికిదాన్ని, ఒప్పుకుంటాను. మరి నువ్వో? కొట్టిన చెయ్యి నీది. పొమ్మన్న నోరు నీది. తప్పు మనిషిని కొట్టావని ఆ సాయంత్రమే తెలిసిందన్నావు. నువ్వు మాత్రం చెప్పావా? నా ఏళ్ళు లెక్కపెట్టావు సరే, నీవి ఎవరు లెక్కపెడతారు?" అని అడిగాను. కిటికీ వైపు తిరిగి, "ఒకసారి పొమ్మన్నాక రమ్మనడం నాకు చేతకాలేదే" అంది. ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఓదార్చాలనిపించలేదు.

ఉలి దగ్గరికి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఈ ఉత్తరం అక్కడి నుంచే రాస్తున్నాను. అత్త గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి, ఏం రాస్తున్నావంది. రమ్మని రాస్తున్నానన్నాను. నేను కూడా పిలుస్తున్నానని రాయంది. నువ్వు పిలవాలనుకుంటే వాడు దిగాక వాడి మొహం చూసి పిలువు, నా ఉత్తరంలో కాదు అన్నాను.

జూలై ఏడు, ఆదివారం పొద్దున బస్సుకి బయల్దేరు. బస్టాండుకి అత్త వస్తుందట, నేను కూడా వస్తాను. మా ఇద్దరిలో ముందు ఎవరిని తిట్టాలో దారిలో ఆలోచించుకుని రా.

అక్క